అండీ అనే ఊళ్ళో అరిగిన పళ్ళు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఏలూరులో పళ్ళ డాక్టరుగా పనిచేసినన్నాళ్ళూ ఈ సామెతని నేను నోటి లోపలి నుంచి చూశాను. మా వైపు నోళ్ళు మంచివే, అందులో అనుమానం లేదు. ఎవరైనా కాలు తొక్కితే, "ఏవండీ, తమరి పాదం కొంచెం నా పాదం మీద ఉన్నట్టుందండీ" అని విన్నవించుకునే ప్రాంతం మాది. ఆ మాట అన్నాక మింగేసిన కోపం ఎక్కడికి పోతుంది? నా దగ్గరికి వచ్చేది. నా జీవితమంతా దానికి వైద్యం చెయ్యడంతోనే గడిచింది.

దంతవైద్యం చదివి కొత్తగా బోర్డులు కట్టుకుంటున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తారు. మీ రోజుల్లో ఏ మిషన్లు ఉండేవండీ అని అడుగుతారు. కాలితో తొక్కే డ్రిల్లు ఒకటి ఉండేది. గుమ్మంలోంచి దాన్ని చూసి కుట్టుమిషననుకుని, చొక్కా గుడ్డ పట్టుకుని లోపలికి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. మత్తు సూది ఉండేది గాని, సూదికి భయపడి మత్తు లేకుండానే పీకెయ్యమనేవారు. మిషన్ల సంగతి అంతే. నాకు ఎవరు ఎప్పుడు దండ వేశారో కూడా ఇక్కడ రాయబోవడం లేదు. ఒక్క జబ్బు గురించి రాస్తాను. పై పళ్ళూ కింద పళ్ళూ ఒకదాన్నొకటి రాసుకుని అరిగిపోయే జబ్బు. ముప్పైల నాటి ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ అది నాకు కూడు పెట్టింది, కాస్త బుద్ధీ చెప్పింది.

రంగూను డాక్టరు గారు

కలకత్తాలో చదువు ముగించి వచ్చాక మొదట ఒక పెద్దాయన దగ్గర పనికి కుదిరాను. ఆయన రంగూనులో చాలాకాలం పళ్ళు పీకి, ఇక అక్కడ పీకడానికేం మిగల్లేదన్నట్టు ఏలూరు వచ్చి స్థిరపడ్డారు. ఊరంతా ఆయన్ని రంగూను డాక్టరు గారు అనేది. నల్లకోటు, జేబులో గడియారం, చేతిలో పటకారు. ఆయన సిద్ధాంతం చాలా చిన్నది.

"పన్నుంటేనే కదయ్యా నొప్పి?" అనేవారు.

ఈ వాదనకి ఎదురు చెప్పడం కష్టం. తలనొప్పి వచ్చినవాళ్ళు ఆయన దగ్గరికి రాకపోవడం వాళ్ళ అదృష్టం. చెయ్యి మాత్రం గొప్పది. వేరు విరగకుండా పన్ను పీకడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను, కాదనను. ఎటొచ్చీ ఏ పన్ను పీకాలన్నదే ఆయనకి పెద్దగా పట్టేది కాదు. ఒకసారి ఒక ప్లీడరు గుమాస్తా ఎడమ దవడ నొప్పితో వస్తే, కుడివైపు పన్ను పీకి చేతిలో పెట్టారు. గుమాస్తా ఆ పన్నుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నోరు పుక్కిలించి, "చాలా సుఖంగా వచ్చిందండీ" అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు పెద్దాయన భోజనానికి వెళ్ళే వేళ కనిపెట్టి వచ్చి, నాచేత అసలు పన్ను పీకించుకున్నాడు.

"నిన్ననే చెప్పకపోయారా?" అన్నాను.

"పెద్దవారండీ. చెయ్యి పెట్టేశాక కాదంటే బాగుంటుందాండీ?" అన్నాడు.

'బాగుండదు' అన్న ఈ ఒక్క మాట మా జిల్లాలో తీపి తినుబండారాల కన్నా ఎక్కువ పళ్ళు పోగొట్టింది. ఊరకున్నంత ఉత్తమం లేదని చెప్పిన పెద్దలు ఈ సంగతి పళ్ళని అడిగి ఉండరు.

కొల్లేటి నాగమ్మ

ఆ గదిలో రంగూను డాక్టరు గారికి ఎదురు చెప్పగా నేను విన్న మొదటి మనిషి నాగమ్మ. కొల్లేటి లంకలోని ఊరినుంచి ఎండుచేపల గంప ఎత్తుకుని ఏలూరు బజారుకి వచ్చేది. దవడ వాచి మా దగ్గరికి వచ్చింది. నోరు తెరిస్తే పళ్ళన్నీ సగానికి అరిగి ఉన్నాయి. పెద్దాయన ఒక్క చూపు చూసి, "మొత్తం తీసేద్దాం" అన్నారు.

"ఏవయ్యోయ్! ఒక పన్ను నొప్పంటే నోరంతా ఊడబెరుకుతానంటావా? ముందు నీయి ఊడబెరుక్కో! నీ చేతులు పడిపోనూ!" అంది నాగమ్మ. ఇంకా చాలా అంది. అవి రాయడానికి ఈ కాగితం ఒప్పుకోదు.

బల్లమీద వరసగా కూర్చున్న పెద్దమనుషులు తలలు దించుకున్నారు. సిగ్గుతో దించుకున్నారని ముందు అనుకున్నాను. తేరిపార చూస్తే ఒకాయన పైపంచెతో నోరు మూసుకుని నవ్వుతున్నాడు. ప్లీడరు గుమాస్తా ఆ రోజు లేకపోవడం నాకు ఇప్పటికీ విచారమే. పెద్దాయన కోటు సర్దుకుని, "ఈవిణ్ణి నువ్వు చూడు" అని లోపలికి వెళ్ళిపోయారు.

పుచ్చిన పన్ను ఒక్కటే తీశాను. మిగిలినవి గట్టిగా ఉన్నాయి గాని, పై భాగాలు మెరుపు లేకుండా, మధ్యలో చిన్న గుంట పడి ఉన్నాయి. ఏం తింటావు అని అడిగాను.

"ఏం తింటాం? సేపలు. ఇసకలో ఎండేత్తాం, ఇసకతోనే తింటాం."

"నిద్రలో పళ్ళు కొరుకుతావా?"

"నిద్దర్లో ఎందుక్కొరుకుతానయ్యా? కొరకాల్సినోణ్ణి పగలే కొరికేత్తాను గదా!" అంది.

కుర్రాళ్ళు ఇక్కడ కాస్త ఆగి వినాలి. తిండిలో ఇసుకా మట్టీ ఉంటే పళ్ళు అరుగుతాయి. ఆ అరుగుదల నోరంతా ఉంటుంది, మసగ్గా ఉంటుంది, గుంటలు పడుతుంది. పన్నూ పన్నూ రాసుకుని అరిగితే అలా ఉండదు. అరిగిన చోటు చదునుగా, నున్నగా, అద్దంలా మెరుస్తుంది. పైన ఎంత మేర అరిగిందో దానికి సరిజోడు కిందా అరిగి ఉంటుంది. మామూలుగా నోరు మూస్తే ఆ రెండూ కలవవు. కింద దవడని ఒక పక్కకి బాగా జరిపితే తాళంలో చెవి పడ్డట్టు కలుస్తాయి. అలా దవడ జరిపి ఎవరూ అన్నం తినరు. నిద్రలో పళ్ళు కొరికేటప్పుడే దవడ అటు పోతుంది.

నాగమ్మ వెళ్ళాక ఆ బల్ల మీది పెద్దమనుషుల నోళ్ళు ఒక్కొక్కటే చూశాను. మేలైన బియ్యం తినేవాళ్ళు, ఇసుక రాయి తగిలితే ఇల్లాలి మీద విసుక్కునేవాళ్ళు. వాళ్ళ పళ్ళు మాత్రం అద్దాల్లా మెరుస్తున్నాయి.

గురువారం లెక్క

పెద్దాయన పని మానుకున్నాక ఆ గదీ, కుర్చీ, పటకార్లూ నా చేతికి వచ్చాయి. కొన్నేళ్ళకి ఒకరోజు తాడేపల్లిగూడెం నుంచి ప్యాసింజరులో సుబ్రహ్మణ్యం మేష్టారు, ఆయన భార్య కామేశ్వరమ్మ గారు వచ్చారు. గూడెంలో ఒక ప్రైవేటు హైస్కూలు ఉండేది. మేష్టారు అక్కడ లెక్కలు చెప్పేవారు. నలభై అయిదుకి ఇటో అటో ఉండే మనిషి. సన్నగా, చొక్కా పై బొత్తాం దాకా పెట్టుకుని, కుర్చీ అంచు మీద కూర్చున్నారు.

"పళ్ళకి నొప్పేం లేదండీ. ఉద్యోగానికే వచ్చిందండీ," అన్నారు.

ఆ స్కూలు కమిటీకి ప్రెసిడెంటు వీర్రాజు గారు. బియ్యం మిల్లు ఆయనదే అని ఊరు అనుకునేది. దూడల నుంచి పోటీ ఎడ్ల దాకా ఆయన కొట్టంలో ఉండేవి. పశువుల సంతలో వీర్రాజు గారు ఎద్దు పెదవి ఎత్తి చూసి వయసు చెబితే దానికి తిరుగు లేదు. రెండు పళ్ళ గిత్త, నాలుగు పళ్ళ గిత్త, పళ్ళు అరిగిన ముసలెద్దు అని ఆయన అనగానే అమ్మేవాడు కూడా సరేనని తల ఊపేవాడు. ఎద్దుల విషయంలో ఆయన నిజంగా దిట్ట. చిక్కల్లా, ఆయన విద్య అక్కడితో ఆగకపోవడమే.

స్కూలు వార్షికోత్సవం నాడు పంక్తి భోజనాలు పెట్టారు. వీర్రాజు గారు స్వయంగా బూరెలు వడ్డిస్తూ మేష్టారి ముందుకి వచ్చారు. మేష్టారు ఆ సమయానికి పక్కాయన చెప్పిన దేనికో నవ్వారు. ఆయన నవ్వడం ఆ స్కూల్లో అరుదు. ఆ ఒక్క నవ్వే కొంప ముంచింది. వీర్రాజు గారు బూరెల పళ్ళెం పట్టుకుని వంగి ఆ పళ్ళు చూశారు. మర్నాడు కమిటీలో, "లెక్కల మేష్టారికి అరవై దాటాయండీ. పళ్ళు చూశాను," అని ప్రకటించారు. యాభై అయిదుకి ఇంటికి పంపడం అక్కడి రూలు.

మేష్టారి వయసుకి రుజువేం లేదు. జాతకం వాళ్ళ తాటాకిల్లుతో పాటే కాలిపోయింది. చిన్నప్పుడు బళ్ళో వేసిననాడు అప్పటి పంతులుగారు కుడిచెయ్యి తలమీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమని, అందింది కాబట్టి అయిదేళ్ళని వేసుకున్నారట. ఆ చెయ్యి పొడవు మీద ఆధారపడిన వయసు ఇప్పుడు వీర్రాజు గారి కంటి ముందు నిలబడలేదు. ఆ ఉద్యోగం పోతే మేష్టారికి వేరే ఆధారం లేదు. పిల్లలు చదువుల్లో ఉన్నారు.

నోరు తెరవమన్నాను. ముందు పళ్ళు, కోర పళ్ళు ఒకే గీత మీద కోసినట్టున్నాయి. అరిగిన చోటల్లా మెరుపు. దవడ కుడిపక్కకి జరపమన్నాను. చటుక్కున కలిసిపోయాయి.

"నిద్రలో పళ్ళు కొరుకుతారా?" అని ఆవిణ్ణి అడిగాను.

"కొరకడం కాదండీ, తిరగలి విసిరినట్టేనండీ. పక్కింటివాళ్ళు పప్పు విసురుతున్నానేమో అనుకుని, ఇంత రాత్రివేళ ఎందుకమ్మా అని ఒకసారి అడిగారండీ," అన్నారావిడ. ఆపైన భర్త వైపు చూసి, "గురువారం నాడు మరీ ఎక్కువండీ," అన్నారు.

గురువారం ఏమిటని అడిగాను. ఆవిడే చెప్పారు.

ప్రతి గురువారం వీర్రాజు గారు స్కూలు తనిఖీకి వస్తారు. లెక్కల క్లాసులో కుర్చీ వేయించుకుని కూర్చుంటారు. ఒక గురువారం మేష్టారు బోర్డు మీద ఒక లెక్క రాశారు. పదిమంది కూలీలు ఒక పనిని ఎనిమిది రోజుల్లో చేస్తే, ఇరవైమంది ఎన్ని రోజుల్లో చేస్తారు? పిల్లలు నాలుగు అన్నారు. వీర్రాజు గారు లేచి నిలబడ్డారు.

"నాలుగేంటండీ? పదిమంది చేసే పనికి ఇరవైమందిని పెడితే పదహారు రోజులు పడుతుంది. కబుర్లు చెప్పుకుంటారు. మిల్లు నడిపేవాణ్ణి, నాకు తెలీదాండీ? ఏవంటారు మేష్టారూ?"

"చిత్తం" అన్నారు మేష్టారు. చాక్‌పీసు తీసుకుని నాలుగుని తుడిచి పదహారు వేశారు. పిల్లలు రాసుకున్నారు. అప్పటినుంచి ప్రతి గురువారం వీర్రాజు గారు ఆ లెక్కే అడిగించేవారు. పిల్లలు పదహారనేవారు. ఆయన మేష్టారి వైపు చూసేవారు. మేష్టారు చిత్తం అనేవారు. ఇలా ఏళ్ళు గడిచాయి. నాలుగు రోజుల పని అని తెలిసీ పదహారని చెప్పిన పిల్లలు పెద్దవాళ్ళై పెళ్ళిళ్ళు కూడా చేసుకున్నారు.

ఆవిడ చెబుతుంటే మేష్టారి దవడ నెమ్మదిగా కుడిపక్కకి జరగడం నేను చూశాను. ఆ సంగతి ఆయనకి తెలియదు.

నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. ఇన్నాళ్ళు ఆ పళ్ళు అరగదీసింది ఎవరో, అరిగాయని ఉద్యోగం తీసెయ్యబోతున్నదీ ఆయనే. కమిటీ ముందుకి వచ్చి ఇది ముసలితనం కాదని చెబుతానన్నాను.

మేష్టారి ముఖం పాలిపోయింది. "చెప్పండి గానండీ, ఎందుకు కొరుకుతున్నానో మాత్రం చెప్పకండి. అరవై దాటాయని తీసేస్తే కనీసం దండ వేసి పంపిస్తారండీ. ప్రెసిడెంటు గారి మీద పళ్ళు కొరుకుతున్నాడని తెలిస్తే దండ కూడా ఉండదండీ," అన్నారు.

ఆయన భయంలో తర్కం ఉంది. వయసు కాదని రుజువు చేస్తే కోపం రుజువవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కమిటీలో దవడలు

మేష్టారి నోటికి అచ్చు తీసి, పై వరసా కింద వరసా ప్లాస్టరుతో పోత పోశాను. వాటిని చేతిరుమాల్లో కట్టుకుని గూడెం వెళ్ళాను. స్కూలు హాల్లో కమిటీ కూర్చుంది. తమలపాకుల పళ్ళెం పక్కన నా ప్లాస్టరు పళ్ళు పెట్టాను. వీర్రాజు గారు నిండైన మనిషి. మాట చాలా మెత్తన.

"రండి డాక్టరు గారూ. శ్రమ తీసుకున్నారు. మనిషి అబద్ధమాడొచ్చు గానండీ, పన్ను ఆడదు. ఏవంటారు?" అన్నారు.

"ఆయ్, ఆడదండీ. అందుకే తీసుకొచ్చాను," అన్నాను.

రెండు వరసల్నీ మామూలుగా మూసి చూపించాను. అరిగిన చోట్ల మధ్య సందు కనిపించింది. కింద వరసని పక్కకి జరిపాను. టక్కున కలిసింది. మేత మేసి అరిగిన ఎద్దు పన్నుకీ దీనికీ తేడా చెప్పాను. ఇది తిండితో అరగలేదని, పన్నూ పన్నూ రాసుకుని అరిగిందని, ముప్పై ఏళ్ళవాడి నోట్లో కూడా ఇలా ఉండొచ్చని చెప్పాను.

కమిటీ సభ్యులందరూ ఒక్కసారి తమ దవడల్ని పక్కకి జరిపి చూసుకున్నారు. ఊళ్ళో పెద్దలంతా మూతులు వంకరపెట్టుకుని కూర్చున్న ఆ దృశ్యాన్ని నేను చచ్చేదాకా మరిచిపోను. ఇద్దరు చప్పున దవడలు సరిచేసుకుని కిటికీలోంచి బయటికి చూశారు. వాళ్ళకి కలిసిందన్నమాట.

వీర్రాజు గారు మాత్రం జరపలేదు. ప్లాస్టరు పళ్ళు చేతిలోకి తీసుకుని తనే జరిపి కలిపారు. పశువుల నోరు చూసిన మనిషి కదా, తేడా ఆయనకి వెంటనే తెలిసింది. ఆ మాత్రం నిజాయితీ ఉంది.

"నిజమేనండీ. ఇది మేత అరుగుదల కాదు," అన్నారు. నేను ఊపిరి పీల్చుకునేలోగా, "అయితే మేష్టారు పళ్ళెందుకు కొరుకుతున్నారండీ?" అని అడిగారు.

కిటికీలోంచి చూస్తున్న ఇద్దరూ ఇంకా దూరంగా చూడసాగారు. ఆ కమిటీలో ప్రతి ఒక్కరికీ జవాబు తెలుసు. ప్రతివాడి నోట్లోనూ అది ఉంది. మేష్టారు గోడవార నిలబడి కక్కలేక మింగలేక నా వైపు చూశారు.

అప్పుడు రిటైరైన తాసీల్దారు గారొకాయన గొంతు సవరించుకున్నారు. "పురుగులేమోనండీ," అన్నారు. "కడుపులో పురుగులుంటే కొరుకుతారు. మా మనవడూ అంతేనండీ."

హాలు మొత్తం ఊపిరి పీల్చుకుంది. ఒకాయన తన మేనకోడలి పురుగుల గురించి చెప్పాడు. మరొకాయన వేపాకు అన్నాడు. పిల్లలకే కాదు, పెద్దలకీ పురుగులుంటాయని, లెక్కలు చెప్పేవాళ్ళకి మరీ ఉంటాయని తేల్చారు. అందరూ నా వైపు తిరిగారు.

"కొందరు అలా కూడా అంటారండీ," అన్నాను.

కలకత్తాలో నాకు చదువు చెప్పినవాళ్ళు ఆ మాట వింటే పట్టా వెనక్కి లాక్కునేవాళ్ళు. కానీ మేష్టారి వయసు నలభై అయిదు అని కమిటీ ఆ పూటే తీర్మానం రాసింది. పురుగు మనిషిని కాపాడిన సందర్భం నా వృత్తిలో అదొక్కటే. కుర్రాళ్ళు దీన్ని తప్పంటారేమో. అనండి. మీకూ ఒక కమిటీ తగిలాక మళ్ళీ మాట్లాడుకుందాం.

ఆముదం

వీర్రాజు గారు ఉదారులు. తమ ఇంట్లో వండిన ఆముదం సీసా మేష్టారికి పంపించారు. పంపించి ఊరుకోలేదు. స్కూలు ప్యూను ఎదురుగా తాగాలని, తాగినట్టు ప్యూను వచ్చి చెప్పాలని ఆజ్ఞ. మేష్టారు తాగారు. ఆ వారం లెక్కల క్లాసులు సరిగ్గా జరగలేదని వేరే చెప్పక్కర్లేదు. గురువారానికి కోలుకుని క్లాసుకి వచ్చారు. వీర్రాజు గారు వచ్చి, పురుగుల సంగతి విచారించి, ఇరవైమంది కూలీల లెక్క అడిగారు. పదహారు. చిత్తం.

మేష్టారు నా దగ్గరికి మళ్ళీ వచ్చేసరికి పన్ను లోపలి పసుపు రంగు బయటపడింది. గట్టి రబ్బరుతో పై పళ్ళకి ఒక తొడుగు చేసిచ్చాను. రాత్రి పెట్టుకోమన్నాను. కొన్నాళ్ళకే దాన్ని రెండు ముక్కలుగా కాగితంలో చుట్టి తీసుకొచ్చారు.

"క్షమించాలండీ. బాగానే చేశారండీ. గురువారం వచ్చిందండీ," అన్నారు.

ఇంకొంచెం అరిగితే నరం బయటపడుతుందని, అప్పుడు రంగూను డాక్టరు గారి సిద్ధాంతమే గతి అని చెప్పాను. అప్పుడు కామేశ్వరమ్మ గారు, ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడే మనిషి, కుర్చీ దగ్గరికి వచ్చారు.

"నలభై అయిదని కమిటీయే రాసిందిగదండీ. ఇంక మిమ్మల్ని దేని మీద తీస్తారు? పళ్ళన్నీ పోయాక పాఠం ఎలా చెప్తారండీ? నాలుగు అన్న మాటన్నా పలుకుతుందా?" అని భర్తని అడిగారు.

మేష్టారు రబ్బరు ముక్కలు జేబులో వేసుకుని వెళ్ళిపోయారు. ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది. రబ్బరుతో అయ్యే పని కాదని తెలిసీ రబ్బరే ఇచ్చాను. నా పెట్టెలో అంతకన్నా గట్టిది లేదు.

ప్రెసిడెంటు గారి నోరు

ఎండలు మొదలవుతుండగా, మిట్టమధ్యాహ్నం, బల్ల మీద ఎవరూ లేని వేళ చూసుకుని వీర్రాజు గారు ఏలూరు వచ్చారు. చెంప మీద చెయ్యి ఉంది. తలుపు వేసెయ్యమన్నారు. చకోడీ కొరుకుతుంటే దవడ పన్ను పగిలిందట.

నోరు తెరిపించాను. చకోడీ పాపం నిమిత్తమాత్రురాలు. ఆ నోరు మేష్టారి నోటికి అన్నగారిలా ఉంది. కోర పళ్ళు లేవన్నట్టే. అద్దాలు. దవడ ఎడమపక్కకి జరపమన్నాను. టక్కున కలిసింది. ఆ శబ్దం ఆయనకీ వినిపించింది. కమిటీలో తను ఎందుకు జరపలేదో ఆయనకి అప్పటికే తెలుసేమో, నేను అడగలేదు.

ఆయన వేలితో తన కోర పళ్ళు తడిమి చూసుకున్నారు.

"నాకూ పురుగులేనాండీ?" అన్నారు.

"ఇంట్లో పెద్దవాళ్ళెవరున్నారండీ?" అని అడిగాను. అప్పటికి నేను నేర్చుకున్న వైద్యం అంతా ఆ ఒక్క ప్రశ్నే.

"మావయ్యగారండీ," అన్నారు.

అప్పుడు బయటపడింది. వీర్రాజు గారు ఇల్లరికం అల్లుడు. మిల్లు మావగారిది, ఎడ్లు మావగారివి, ఆ నిండైన పంచె కూడా మావగారు పెట్టిందే. పెళ్ళైన నాటినుంచి ఆ ఇంట్లో ఆయన పలికిన మాట ఒక్కటే, చిత్తం. లెక్కల మేష్టారి ఉద్యోగం మావగారి చెల్లెలి మనవడికి ఇప్పించమని హుకుం కూడా ఆ పెద్దాయనదే. కమిటీలో అది బెడిసికొట్టాక పాలేళ్ళ ముందు, వంటవాళ్ళ ముందు, రోజూ మాటలతో వాతలు పెడుతున్నారట. ఎద్దు పళ్ళు చూడ్డం తప్ప నీకేం చేతనవును అంటారట.

"ఆయన పళ్ళెలా ఉన్నాయండీ?" అన్నాను.

"ఎనభై దాటాయండీ. ఒక్కటి ఊడలేదు, ఒక్కటి అరగలేదు. ఇప్పటికీ చెరుకు గడ నోటితోనే చీలుస్తారండీ," అన్నారు వీర్రాజు గారు. ఆ గొంతులో అసూయ వినిపించింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట గెలవలేనివాళ్ళు రచ్చ కోసం ఎంత తహతహలాడతారో చెప్పలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఈయన మావగారి మీద కోపం గురువారం గురువారం ఇరవైమంది కూలీల మీద చూపించారు. నాకు నవ్వు రావాలి. రాలేదు. ఆ మనిషి మీద జాలి కలిగింది. జాలి కలిగినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

"మందేదన్నా ఉందాండీ?" అన్నారు.

"ఇలాంటి పళ్ళున్నవాళ్ళు ఎవరికో ఒకరికి చిత్తం అంటూ ఉంటారండీ. చెప్పాల్సిన మాట చెప్పుకుంటే తగ్గుతుంది. వేరే మందు లేదు."

"మావయ్యగారితోనా?" ఆయన ఉలిక్కిపడ్డారు. "ఆముదం తాగితే పోదంటారా?"

"పోదండీ."

పగిలిన పన్ను తియ్యడానికి పటకారు తీశాను. అంతలో ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"డాక్టరు గారూ! అయితే ఆ మేష్టారు..." అని ఆగిపోయారు.

"నోరు ఇంకాస్త తెరవండి," అన్నాను.

తెరిచారు. కళ్ళు మాత్రం నా ముఖం మీదే ఉన్నాయి. పన్ను వేరుతో సహా వచ్చింది. ఆయన అరవలేదు. లేచి పంచె సర్దుకుని వెళ్ళిపోయారు.

మావగారితో ఆయన ఏమైనా అన్నారా అంటే, అనలేదు. ఆ పెద్దాయన ఇంకా చాలాకాలం బతికి, పళ్ళన్నిటితో సహా కాటికి వెళ్ళారు. అప్పటిదాకా వీర్రాజు గారికి ఏడాదికో తొడుగు చేసిస్తూనే ఉన్నాను.

మరక

వేసవి సెలవులకి ముందు మేష్టారు ఒంటరిగా వచ్చారు. కుర్చీలో ఈసారి వెనక్కి ఆనుకుని కూర్చున్నారు. చొక్కా పై బొత్తాం తీసి ఉంది.

"గురువారం ప్రెసిడెంటు గారు వచ్చారండీ," అన్నారు. "అదే లెక్క. ఇరవైమంది ఎన్ని రోజుల్లో చేస్తారని అడిగారండీ. కుర్రాడు లేచి ఆయన ముఖం చూసి పదహారు అన్నాడండీ. నా వైపు తిరిగారు. చిత్తం అందామనే నోరు తెరిచానండీ. మరెలా వచ్చిందో తెలీదు. 'కాదండీ, నాలుగు రోజులండీ' అన్నాను."

"ఆయనేమన్నారు?"

"నన్నే చూశారండీ. ఆయన దవడ ఇలా పక్కకి జరిగిందండీ." మేష్టారు తన దవడ జరిపి చూపించారు. "తరవాత పిల్లల వైపు తిరిగి, 'మేష్టారు చెప్పింది రాసుకోండి' అని లేచి వెళ్ళిపోయారండీ."

"మళ్ళీ వచ్చారా?"

"వస్తున్నారండీ. కూర్చుంటున్నారు. ఆ లెక్క మాత్రం అడగట్లేదు."

నోరు తెరవమన్నాను. అరిగిన పన్ను మళ్ళీ పెరగదు, ఆ పళ్ళు అలాగే పొట్టిగా ఉన్నాయి. కానీ చదునైన చోట్ల మెరుపు పోయింది. దాని మీద పల్చగా కాఫీ మరక పట్టింది. రోజూ రాసుకునే పన్ను మీద మరక నిలవదు. ఎన్నో రాత్రులుగా ఆ పళ్ళు ఒకదాన్నొకటి ముట్టుకోలేదు.

మేష్టారు చేతద్దం తీసుకుని పెదవి ఎత్తి చూసుకున్నారు.

"ఈ మరక ఒకటి కొత్తగా వచ్చిందండీ, చూడ్డానికి బాగులేదు. కాస్త గీకి తీసేస్తారా?" అని అడిగారు.

పరికరం చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాను.

"ఉండనివ్వండి మేష్టారూ," అన్నాను.